కండువా కింద చెప్పిన మాట

ఉదయగిరి,
జనవరి నెల, ఆదివారం.

తమ్ముడు జనార్దనయ్యకు అక్క శీనమ్మ రాసేది.

మేమంతా ఇక్కడ క్షేమం అని మొదలుపెట్టాలని బళ్ళో అయ్యవారు నేర్పించాడు. మేమంతా అనడానికి ఈ ఇంట్లో నేను తప్ప ఎవరున్నారు? అందుకని ఆ మాట వదిలేస్తున్నాను. రేణుకాదేవీ పిల్లలూ బాగుండాలి.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అంటావు. ఫోన్లో నేను ఒక మాట అంటే నువ్వు నాలుగు మాటలు అడ్డం వేస్తావు. నాకు ఏడుపు వస్తుంది. "ఊరుకోక్కా, ఊరుకో" అని పెట్టేస్తావు. కాగితానికి అడ్డం రాలేవు కదా. అందుకే ఇంకమీదట ఫోన్ ఎత్తను. నువ్వూ రాసే చెప్పు. ఐదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నిన్న హిదాయత్ వచ్చాడు. నా మాధవ్‌ను తన ట్రాలీ ఆటోలో మేకపిల్లలతో పాటు ఆత్మకూరు తీసుకుపోయి, తిరిగొచ్చేటప్పుడు మర్రిపాడు దాటినాక మలుపులో బోల్తా వేసి, వాడిని మట్టికిచ్చి, తాను ఒక కాలు మాత్రం పోగొట్టుకుని వచ్చిన ఆ హిదాయతుల్లా. చంకకర్రల మీద వాకిట్లోకి వచ్చి, "పెద్దమ్మా, ఒకసారి నీ కాడ కూసోని పోతా" అన్నాడు. నా ఒంట్లో నెత్తురంతా తలకెక్కింది. "నా కొడుకును మింగిన కాళ్ళల్లో ఒకటే పోయిందేరా, రెండోది ఎవురి కోసం మిగుల్చుకున్నావు?" అన్నాను. వీధిలో వాళ్ళంతా విన్నారు. వాడు తల వంచుకుని కర్రలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. అనడానికి ఏముంది, తోలిన వాడు వాడే కదా.

రాత్రంతా ఒకటే ఆలోచన. దినాలు అయినాక పంచాయతీ పెట్టారు. మన పక్క ఆడవాళ్ళు పంచాయతీలో కూర్చోరు. మగదిక్కు లేని ఇల్లు నాది. మీ బావ కండువా పెట్టెలోంచి తీసి నీ భుజాన వేసి పంపాను. ఇంటి కండువా ఎవరి భుజాన ఉంటే వాళ్ళు చెప్పింది ఆ ఇంటి మాట. కండువా కింద జరిగిన మాటలు తర్వాత ఇంట్లో చెప్పరు, మేమూ అడగం. పద్ధతి అది. నాకు ఆ రోజు ఒంటి మీద తెలివి కూడా లేదు. "నా నోరు నీకే ఇస్తున్నా, నువ్వు ఏం చెప్పినా నేను చెప్పినట్టేరా, పో" అన్నాను. నువ్వు పోయి సాయంత్రానికి వచ్చి, "రాజీ అయిపోయిందక్కా, కేసు లేదు" అన్నావు. స్టేషన్లో బర్రె అడ్డం వచ్చిందని, ఎవరి తప్పూ లేదని రెండు వైపులా చెప్పారంట.

నన్ను అడగకుండా ఎట్లా క్షమించావురా? నువ్వు క్షమిస్తే నేను క్షమించినట్టేనా? నువ్వు అన్నం తింటే నా ఆకలి తీరుతుందా?

ఆ మాట వెనక్కి తీసుకో. మా అక్క ఒప్పుకోలేదని హిదాయత్ నాయన సుభానికి చెప్పు, స్టేషన్లో చెప్పు. వాడి కొడుకు కోర్టు మెట్లు ఎక్కాలి. నేను కళ్ళారా చూడాలి. అప్పుడు నాకు ఇంత ముద్ద దిగుతుందేమో.

నీ అక్క
శీనమ్మ


ఆత్మకూరు,
జనవరి నెలాఖరు.

అక్కకు జనార్దనయ్య నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం అంగట్లో దాణా బస్తా మీద కూర్చుని చదివాను. గిరాకీ వచ్చి నిలబడినా చూసుకోలేదు. "ఏమయా, తవుడు అమ్ముతావా, చదువుకుంటావా?" అని అరిచి పోయాడు ఒకాయన. రేణుక ఏముంది ఉత్తరంలో అని అడిగింది. అక్క కులాసాగా ఉందని చెప్పాను.

కండువా కింద చెప్పిన మాట వెనక్కి తీసుకునేది కాదక్కా. అది భుజం మీద నుంచి తీసి మడిచి పెట్టేశాక ఆ మాట నాదీ కాదు, నీదీ కాదు, మీ ఇంటిది. రేపు మాట మారిస్తే బావ పేరు ఏమవుతుంది? ఆయన బతికుండగా ఒక్కసారన్నా అన్న మాట మార్చాడా?

హిదాయత్‌ను నువ్వు అన్న మాట చదివాను. నన్ను ఎంతన్నా తిట్టు. వాడిని మాత్రం ఇంకేమీ అనొద్దు. ఎందుకని అడగొద్దు. చిన్నప్పటి నుంచి నా మాట ఒక్కటీ విన్న దానివి కాదు, ఇదొక్కటి విను.

కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి ఉండు. మేకల్ని పక్కింటి ఓబులమ్మకు అప్పగించి రా. అంటే నువ్వేమంటావో నాకు తెలుసు. నీకిచ్చిన నోరే తిరిగి రాలేదు, ఓబులమ్మకిచ్చిన మేకలు వస్తాయా అంటావు. ఆ మాట అనడానికైనా రా. పిల్లలు అత్త ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

నీ తమ్ముడు
జనార్దనయ్య


ఉదయగిరి,
మార్చి నెల.

జనార్దనయ్యకు అక్క రాసేది.

నేను రాను. వాడి చొక్కాలు ఇక్కడున్నాయి. అవి వదిలి ఎక్కడికి రాను?

ఈ ఏడు ఉగాది, రంజాన్ వెనకా ముందూ వచ్చాయి. నాకు రెండూ లేవు. పండగనాడు హిదాయత్ తల్లి ఫాతిమా తన కూతురు సబీనాతో గిన్నెలో సేమ్యా పంపింది, ఏటా పంపినట్టే. మాధవ్‌కు అదంటే ప్రాణం. హిదాయత్ వాళ్ళింట్లో గిన్నె తినేసి, మనింటికి వచ్చిన గిన్నె కూడా తినేవాడు. "రేయ్, కడుపా చెరువా?" అనేదాన్ని. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పంపింది? ఆ పిల్ల చూస్తుండగానే తీసుకుపోయి మేకల తొట్టిలో పోశాను. గిన్నె కడిగి కూడా ఇవ్వలేదు. కుళాయి దగ్గర ఫాతిమా కనబడితే రోజూ అంటున్నాను. నీ కొడుకు తింటా ఉండాడా, నిద్రపోతా ఉండాడా, నా కొడుకు మట్టిలో ఎట్లా ఉండాడో అడిగి రమ్మను అంటున్నాను. ఆమె బిందె ఎత్తుకుని పోతుంది. తప్పు లేకపోతే మనిషి నోరు మూసుకుంటుందా?

రమేష్‌బాబు వచ్చాడు. మీ బావకు అన్న కొడుకు, కోర్టు దగ్గర జిరాక్సు అంగడి పెట్టుకున్నాడే, వాడు. "చిన్నమ్మా, మేనమామ చెప్పిన మాట కోర్టులో నిలవదు. తల్లివి నువ్వు. వకాలత్ మీద సంతకం పెడితే ఇంక వకీలే నీ నోరు" అన్నాడు. "మళ్ళా ఇంకొకడికి నోరు ఇచ్చేదేనా?" అన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. అయినా పెడతాను సంతకం.

ఇంకొక సంగతి. ఓబులమ్మ మొగుడు ఆదెయ్య ఆ రోజు పంచాయతీలో ఉన్నాడు కదా. మొన్న మా దొడ్డి దగ్గర కూర్చుని, పెద్దవాడు నోరు జారాడు. "మీ తమ్ముడు లేసి చెంబు పట్టుకోని సుభాని చేతికి నీళ్ళు ఇచ్చినాడు శీనమ్మా. నాకే కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి" అన్నాడు. ఏంది, ఏంది అని నేను అడిగేసరికి నాలుక కరుచుకుని లేచిపోయాడు.

మన పద్ధతి నీకు తెలియనిది కాదు. రాజీలో తప్పు చేసిన వాళ్ళు లేచి నీళ్ళిస్తారు. తప్పు కాసే వాళ్ళు కూర్చుని తాగుతారు. సుభాని లేచి నీకు ఇవ్వాలి. బిడ్డను పోగొట్టుకున్నది మనమైతే నువ్వు లేచి ఎందుకిచ్చావు?

దీనికి జవాబు రాయి. వేరే ఏమీ రాయొద్దు.

శీనమ్మ


ఆత్మకూరు,
మార్చి నెలాఖరు.

అక్కా,

ఆదెయ్య చూపు సంగతి నీకు తెలియదా? మేకను చూసి కుక్క అనుకుని అదిలిస్తాడు. ఆయన చూసింది పట్టుకుని కూర్చుంటే ఎట్లా? పైగా ఆ రోజు చెంబు నా పక్కన ఉండింది, అందుకని నేనే అందించాను. ఎవరు అందిస్తే ఏముంది?

వకాలత్ మీద మాత్రం సంతకం పెట్టొద్దు. రమేష్‌బాబుకు ఏమీ తెలియదు. కోర్టుకు పోతే ఎవరెవరినో పిలుస్తారు, ఏవేవో అడుగుతారు. నువ్వు తట్టుకోలేవు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

జనార్దనయ్య


ఉదయగిరి,
ఏప్రిల్.

జనార్దనయ్యా,

ముందు ఆదెయ్యకు కళ్ళు కనబడవన్నావు. కింద వరసలోనే చెంబు నువ్వే ఇచ్చానన్నావు. నీకు అబద్ధం చేతకాదురా. చిన్నప్పుడు పక్కవాళ్ళ నేరేడు పళ్ళు తిని మూతి తుడుచుకుని వచ్చేవాడివి. నాలుక చూపించరా అంటే ఏడ్చేవాడివి. ఇప్పుడూ అంతే.

నేను తట్టుకోలేనంటున్నావు. నేను ఇంకా తట్టుకోవాల్సింది ఏముందిరా? నా కొడుకును నా చేత్తో కడిగి పంపాను.

సోమవారం రమేష్‌బాబు వచ్చి వకీలు దగ్గరకు తీసుకుపోతానన్నాడు. పోతున్నాను. ఆపాలనుకుంటే నిజం రాయి. ఆ కండువా వేసుకుని నా పేరు మీద ఏం చెప్పావో ఒక్కొక్క మాటా రాయి. నా నోరు నీ దగ్గరే ఉండిపోయింది. నాకు ఇచ్చెయ్.

శీనమ్మ


ఆత్మకూరు,
ఏప్రిల్, శుక్రవారం.

అక్కా,

బండి తోలింది మాధవ్.

ఇంక దాచలేను. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే సోమవారానికి అందదని, బస్సు కండక్టరు మస్తాన్ చేతికిచ్చి పంపుతున్నాను.

ఆ రోజు కబురు తెలిసి అందరికంటే ముందు నేనే పోయాను కదా. ఇద్దరినీ బయటికి లాగిన వాళ్ళు కడప వైపు లారీ వాళ్ళు. నేను పోయేసరికి ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ళే చెప్పారు. స్టీరింగుకూ సీటుకూ మధ్య ఇరుక్కున్నది మన మాధవ్. హిదాయత్ పక్క సీట్లో నిద్రలో ఉన్నాడు. తెల్లవారుజాము నుంచి వాడే తోలాడంట. కళ్ళు మూతలు పడుతుంటే మనవాడు, "నువ్వు పడుకోరా, నేను తోలతా" అని తాళం తీసుకున్నాడంట. లైసెన్సు లేదు. మలుపులో వేగం తగ్గించలేదు. బర్రె లేదు, ఏమీ లేదు.

కాలు తీసేశాక ఆస్పత్రిలో హిదాయత్‌ను చూడబోయాను. నన్ను చూసి వాడు మొదట అడిగింది కాలు గురించి కాదు. "మామా, మాధవ్ తోలినాడని పెద్దమ్మకు చెప్పొద్దండి. నేను తోలినాననే అనుకోనీండి" అన్నాడు. నేను వద్దనలేదు. వద్దనాల్సింది. అనలేదు.

పంచాయతీలో నేను ఎవరినీ క్షమించలేదక్కా. క్షమించమని అడిగాను. నీ పేరున అడిగాను. మా బిడ్డ తప్పు వల్ల మీ బిడ్డ కాలు పోయింది, మా అక్క తరపున కాసుకోండి అని లేచి చెంబు పట్టుకున్నాను. సుభాని అన్న దోసిలి పట్టాడు. తాగాడు. "కొడుకు పోయిన తల్లి నన్ను అడిగేదేంది జనార్దనయ్యా, కూసో" అన్నాడు. ఇంట్లోకి పోయి ఫాతిమాను కూడా అడిగి వచ్చాడు. ఆమె చెప్పి పంపిన మాట ఇది. "కొడుకు పోయిన బాధ చాలు ఆమెకు, కొడుకు చేసిన తప్పు గూడా ఎందుకు మొయ్యాల? చెప్పబాకండి." పంచాయతీలో ఉన్న వాళ్ళంతా ఆ మాటకు కట్టుబడ్డారు. ఇన్ని నెలలు కట్టుబడ్డారు. ఆదెయ్య ఒక్కడే నోరు జారాడు.

నువ్వు హిదాయత్‌ను తిట్టడం మొదలుపెట్టాక నాకు భయం వేసింది. కానీ ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఎవరి మీదన్నా కోపం ఉంటే మా అక్క లేచి తిరుగుతుంది, మేకల్ని తోలుకుపోతుంది, బతుకుతుంది అనుకున్నాను. ఆ కోపం ఎవరి మెడకు చుట్టుకుందో చూసుకోలేదు. నువ్వు నోరు ఇచ్చింది మాట్లాడమని. నేను దాన్ని నీకే తెలియకుండా కుట్టేశాను.

కోర్టుకు పోతే ఆ లారీ వాళ్ళను పిలుస్తారు. అప్పుడు నడివీధిలో తెలుస్తుంది. ఇంట్లో కూర్చుని తెలుసుకో అక్కా. సంతకం పెట్టొద్దు.

నువ్వు ఊ అంటే వస్తాను. వచ్చి వాళ్ళింటికి నేనే పోయి మాట్లాడతాను.

జనార్దనయ్య


ఉదయగిరి,
మే నెల.

తమ్ముడు జనార్దనయ్యకు అక్క శీనమ్మ రాసేది.

మస్తాన్ నీ ఉత్తరం ఇచ్చి పోయినాక దొడ్లో నిలబడే చదివాను. తర్వాత ఏం చేశానో గుర్తు లేదు. మేకలు ఆ రోజు కట్టుకొయ్యల దగ్గరే ఉండిపోయి అరుస్తుంటే ఓబులమ్మ వచ్చి తోలుకుపోయింది. సోమవారం రమేష్‌బాబు వచ్చాడు. "రా చిన్నమ్మా, వకీలు కాసుకోని ఉండాడు" అన్నాడు. తలుపు తీయలేదు. తిట్టుకుంటూ పోయాడు.

నా కోపం పోయింది. పోయినాక చూస్తే మాధవ్ నిన్ననే పోయినట్టు ఉంది. ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది వాడి కోసం కాదేమో, ఆ ఇంటి మీద ఏడ్చానేమో. ఇప్పుడు వాడి కోసం ఏడుద్దామని కూర్చుంటే హిదాయత్ ముఖం అడ్డం వస్తుంది. నా బిడ్డ కోసం తిన్నగా ఏడవడానికి కూడా లేకుండా పోయింది నాకు.

నీ మీద కోపమా అని అడిగితే ఏం చెప్పను? నా మంచికే చేశావు. అందుకే నిన్ను తిట్టడానికి కూడా నోరు రాదు. తిట్టగలిగితే కొంచెం నయంగా ఉండేది.

చాన్నాళ్ళు ఇంట్లోంచి కదల్లేదు. ఫాతిమా నీళ్ళకు వచ్చే వేళ చూసి, ఆ వేళ కాకుండా పోయేదాన్ని. మొన్న శుక్రవారం, సుభాని మసీదుకు పోయినాక, వాళ్ళింటికి పోయాను. ఎవరినీ వెంట తీసుకుపోలేదు. ఆడది తనంతట తాను పోయి ఇట్లాంటి మాట అడగడం మన ఇంట్లో లేదని నాకు తెలుసు. లేకపోతే లేకపోయింది.

ఫాతిమా వసారాలో కూర్చుని చెక్క చెంచాలు చెక్కుతోంది. పక్కన హిదాయత్ కూడా. ఆటో పోయినాక వాడూ ఆ పనిలోనే కూర్చున్నాడు. నన్ను చూడగానే కర్రలు అందుకుని లేచి లోపలికి పోయాడు. తెర వేసుకున్నాడు. నేను అరుగు కింద, నేల మీద కూర్చున్నాను. సబీనా పీట తెచ్చి పెట్టింది. దాని మీద కూర్చోవాలనిపించలేదు.

"ఫాతిమా, నాకు తెలిసిపోయింది" అన్నాను.

ఆమె చెయ్యి ఆపలేదు. "ఎవురు చెప్పినారు?"

"మా తమ్ముడు."

"చెప్పబాకండి అంటిమే. ఒక్క మాట నిలబెట్టుకోలేకపోయినారు మొగోళ్ళు."

"నేనే చెప్పించినా. ఫాతిమా, నన్ను కాసుకో. ఇప్పుడు నా నోటితో నేనే అడగతా ఉండా."

అప్పుడు ఉలి కింద పెట్టింది. నా వంక చూసింది. కళ్ళల్లో కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండేది. బాగా అలిసిపోయిన మనిషి చూసినట్టు చూసింది.

"అక్కా, మీ తమ్ముడు అడిగినప్పుడు నా కాడ ఉండింది. ఇచ్చినా. మనస్ఫూర్తిగా ఇచ్చినా. నువ్వు నా కొడుకును వాకిట్లో నిలబెట్టి ఆ మాట అన్న దినం గూడా, తెలియక అంటా ఉండాదిలే, పోనీలే అనుకున్నా. దినామూ కుళాయి కాడ నువ్వు అనేదంతా, ఆ ఇచ్చినదాన్లో నుంచే తీసి సర్దుకుంటా వచ్చినా. ఒకనాడు చెయ్యి పెట్టి చూస్తే ఏమీ మిగల్లేదు. ఇప్పుడు నువ్వు వచ్చి అడగతా ఉండావు. ఉండాదని అబద్ధం చెప్పమంటావా?"

"చెప్పు, అబద్ధమైనా చెప్పు" అన్నాను తమ్ముడూ. సిగ్గు లేకుండా అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "చెప్పను. వాడు వింటా ఉండాడు."

నేను వాడినైనా ఒకసారి పిలవమని బతిమాలాను. ఆమె తెర వైపు తిరిగి తురకంలో ఏదో అడిగింది. లోపలి నుంచి వాడు జవాబు చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. అందులో మాధవ్ పేరు రెండు మూడు సార్లు వినబడింది. నాకు అది తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. సబీనా వింటూ ఓణీ కొంగుతో ముఖం కప్పుకుంది.

"ఏమన్నాడు ఫాతిమా? నాకు చెప్పు" అన్నాను.

"నేను చెప్పను. వాని తరపున ఇంక నేను ఏ మాటా చెప్పేదానిని కాదు. మీ తమ్ముడు నీ తరపున అడిగినాడు, మా ఆయన మా తరపున ఒప్పుకున్నాడు, వాడు మాధవ్ తరపున తప్పు మోసినాడు. అందరమూ ఒకరి తరపున ఒకరం మాట్లాడి ఏం చేసుకున్నామో చూసినావు గదా. వానికి చెప్పాలని ఉన్న దినం, నీకు తెలిసే మాటల్లో వాడే చెప్తాడు."

"ఎప్పుడు?" అన్నాను.

ఆమె మళ్ళీ ఉలి తీసుకుంది.

నువ్వు వచ్చి మాట్లాడతానని బయలుదేరొద్దు. పెద్దమనుషుల్ని కూడగట్టొద్దు. రేణుకాదేవిని కూడా పంపొద్దు.

రోజూ పొద్దున మేకల్ని వాళ్ళ వీధిలోంచే కొండ వైపు తోలుకుపోతున్నాను. ఆ దారి దూరం, అయినా అటే పోతున్నాను. హిదాయత్ వసారాలో కూర్చుని పని చేసుకుంటుంటాడు. వాళ్ళ గడప ముందు కాసేపు నిలబడతాను. మేకలు ముందుకు పోయి అరుస్తుంటాయి. వాడు తలెత్తడు. ఈ పొద్దు కూడా ఎత్తలేదు.

నీ అక్క
శీనమ్మ